రంపెకు పిడి

లూసీ చేతిసంచిలోంచి పాత చీరపేలికలో చుట్టిన వస్తువొకటి తీసి భోజనాల బల్ల మీద పెట్టేసరికి దేవకుమార్ నోట్లో ఇంకా పలావు ముద్ద ఉంది.

అది ఎనభై రెండు నవంబరు. అమెరికాలో, చికాగో దగ్గరి అరోరాలో ఒక లూథరన్ చర్చివాళ్ళు తమ ఆరాధన ముగిశాక కింది నేలమాళిగ హాలును తెలుగువాళ్ళకు ఇచ్చేవారు. పాటలు, వాక్యం, ప్రార్థన అయ్యాక మడత బల్లలు వేసి అందరూ ఇంటినుంచి తెచ్చిన గిన్నెలు విప్పేవారు. వాక్యానికి ఆలస్యంగా వచ్చేవాళ్ళున్నారు గానీ భోజనానికి ఆలస్యమైనవాళ్ళు ఇంతవరకూ లేరు. దేవకుమార్ ఆ సహవాసానికి సెక్రటరీ. వారమంతా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో క్వాలిటీ ఇంజనీరు, సాయంత్రాలు గరాజులో కత్తులకు పిడులు చేసుకునే మనిషి. అతను చేసిన పిడి లేని వంటిల్లు ఆ సహవాసంలో లేదు.

“అన్నయ్యగారూ, దీనికి పిడి వెయ్యాలి మీరు,” అంది లూసీ. “మా నాన్న కత్తి. నాన్న పోయాక తమ్ముడు దాచి ఉంచాడు. మా హాస్పిటల్లో ఒకావిడ ఇండియా వెళ్ళొస్తూ తెచ్చిపెట్టింది. పిడి పురుగు పట్టి పొడైపోయింది.”

లూసీ నర్సు. అమెరికా వచ్చి ఎంతోకాలం కాలేదు. సహవాసంలో అందరికంటే గట్టిగా పాడేదీ, అందరికంటే చివర గిన్నెలు కడిగి వెళ్ళేదీ ఆమే. పేలిక విప్పింది. అరచెయ్యంత ఇనపరేకు, ముందువైపు గుండ్రంగా పదునుపెట్టినది. వెనక సన్నటి తోక. తోకకు చిల్లులు పడ్డ చెక్కముక్క వేలాడుతోంది.

సహవాసానికి పెద్ద అయిన డాక్టర్ రామమోహన్‌గారు వంగి చూసి, “ఇది మా ఆపరేషన్ థియేటర్‌లో పెడితే పేషెంట్ టేబుల్ దిగి పారిపోతాడు,” అన్నారు. అందరూ నవ్వారు. ఆయన భార్య విజయశ్రీ అంచు మీద వేలు ఆనించి చూసి, “కూరలు తరిగేదా అమ్మా? మన కత్తిపీట ముక్కలా ఉందే!” అంది.

అప్పటికే దేవకుమార్ దాన్ని ఎడమచేత్తో అందుకున్నాడు. ఎంగిలి చేయి తుడుచుకుని కుడిచేతికి మార్చుకున్నాడు. రేకు వీపు మీద చూపుడువేలు దానంతటది వెళ్ళి కూర్చుంది.

“రంపె!” అన్నాడు. “ఎన్నాళ్ళయిందమ్మా చూసి!”

“రంపె అంటే?” అని అడిగారు రామమోహన్‌గారు. తెలియక అడిగారు, అంతే.

ఒక రకం కత్తండీ అంటే సరిపోయేది. తర్వాత వారమంతా ఆ చెప్పని జవాబే దేవకుమార్‌ను వెంటాడింది. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునే మనిషికి ఆ క్షణాన అంత తెలివి ఎక్కణ్ణుంచి వస్తుంది? సంతోషంగా నోరు జారాడు. ఆ సంతోషం అందరికీ వినపడిందేమోనని కంగారుపడ్డాడు.

“చెప్పులు కుట్టేవాళ్ళు తోలు కోసుకునేదండీ,” అన్నాడు గబగబా. “మా ఊళ్ళో వాళ్ళ దగ్గర చూశాను.”

 లూసీ అతని వంక ఒకసారి చూసింది. తర్వాత అందరి వంకా చూసి, “అవునండీ, మా నాన్న చెప్పులు కుట్టేవాడు. ఈ రంపెతోనే నన్ను నర్సింగ్ చదివించాడు,” అంది. ఆ గొంతులో సిగ్గూ లేదు, గొప్పా లేదు.

“వెరీ టచింగ్,” అన్నారు రామమోహన్‌గారు. విజయశ్రీ పేపర్ నాప్‌కిన్ తీసి, ఆ ఇనుముకు తగిలిన వేలు తుడుచుకుంది. అది పడేసి ఇంకొకటి తీసి మళ్ళీ తుడుచుకుంది. లూసీ తెచ్చిన మాంసం కూర గిన్నె మూత ఆ తర్వాత ఎవరూ తీయలేదు.

ఆ సహవాసంలో ఎవరూ ఎవరి కులమూ అడగరు. అడగకుండా తెలుసుకునే విద్యను మనవాళ్ళు విమానంలో కూడా వెంట తెచ్చుకున్నారు. మీదే ఊరు, ఏ మిషన్, మీ నాన్నగారేం చేసేవారు, అంటే చాలు. రామమోహన్‌గారి తాతలు మతం మారినా పొలాలు మారలేదు, ఆ సంగతి ఆయన చెప్పకుండానే అందరికీ తెలుసు. దేవకుమార్‌ను అడిగితే, మా నాన్న మిషన్ స్కూల్లో అని చెప్పేవాడు. స్కూలు గేటు పక్కన కూర్చుని పిల్లల బూట్లు బాగుచేసేవాడన్న మాట నాలిక దాటనిచ్చేవాడు కాదు.

రంపెను పేలికలో చుట్టి కోటు జేబులో పెట్టుకుని ఇంటికి బయలుదేరాడు. కారులో భార్య వసంతకుమారి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

“దానికి పేరెందుకు చెప్పారండీ?” అంది చివరికి.



*

మర్నాడు ఫ్యాక్టరీ నుంచి రాగానే కాఫీ కూడా తాగకుండా గరాజులోకి వెళ్ళాడు. రంపె తోకను కిరసనాయిల్లో నానబెట్టి, తీగ బ్రష్షుతో తుప్పు వదలగొట్టాడు. వాల్‌నట్ చెక్క దుంగలో చేవ ఉన్న భాగం చూసి కోశాడు. నిలువునా బెజ్జం వేసి, తోకను ఎర్రగా కాల్చి అందులోకి దించాడు. చెక్క చుర్రుమని పొగ వచ్చింది. కాలిన చోట తోకకు సరిగ్గా పట్టేంత దారి పడింది. ఇంతవరకూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి, మనసుకు పని పడలేదు.

ఆ తర్వాత ఎప్పుడూ చేసేటట్టే చేశాడు. ముతక ఆకురాయితో ఒళ్ళు దింపి, వేళ్ళు కూర్చునేందుకు నాలుగు గుంటలు తీశాడు. ఆ గుంటలంటే సహవాసం ఆడవాళ్ళకు ప్రాణం. “దేవకుమార్ అంకుల్ కత్తి పట్టుకుంటే షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు ఉంటుంది,” అని ఒక పిల్ల అన్న మాట అందరూ చెప్పుకుని నవ్వుకునేవారు. శాండ్‌పేపర్ పట్టాడు, వార్నిష్ డబ్బా తీసి దగ్గర పెట్టుకున్నాడు. మంచి పిడి చేసిస్తే లూసీ సంతోషిస్తుంది, ఆ ఆదివారం మాట మర్చిపోతుంది. పెద్ద అబద్ధం ఆడినవాడు చిన్న బహుమానం వెతుక్కోవడం లోకంలో ఉన్నదే.

మంగళవారం సాయంత్రం వంటింట్లో ఫోన్ మోగింది. రామమోహన్‌గారు.

“వందనాలు బ్రదర్. వచ్చే ఆదివారం సంస్కారం కదా, చికాగో నుంచి పాస్టర్‌గారు వస్తున్నారు. రొట్టె వంతు లూసీదిట?”

“అవునండీ.”

ప్రభువు సంస్కారంలో అందరూ విరిచి పంచుకునే రొట్టెను కొట్లో కొనడం ఆ సహవాసంలో లేదు. నెలకొక ఇంట్లో ఆడవాళ్ళు ప్రార్థన చేసుకుని, పిండి కలిపి కాల్చి తెచ్చేవారు. అది ఒక గౌరవం. లూసీకి మొదటిసారి ఆ వంతు వచ్చింది. నెలరోజులుగా ఆ మాట కనబడినవాళ్ళందరికీ చెబుతోంది.

“నాకేం లేదు బ్రదర్, క్రీస్తులో అందరం ఒకటే. కాని కొందరు సిస్టర్స్ కాస్త అన్‌కంఫర్టబుల్‌గా ఫీలవుతున్నారు. ఆ అమ్మాయి హర్ట్ కాకూడదు. నైట్ డ్యూటీలు కదా, శ్రమ ఎందుకని చెప్పండి. మీరైతే మెత్తగా చెప్తారు. వసంతకుమారి సిస్టర్‌ని తెమ్మనండి ఈసారికి. ఆవిడ రొట్టె ఎంత బాగుంటుందో!”

దేవకుమార్ ఫోన్ తీగను వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఇది తప్పండీ అనాలి. కనీసం ఆ మాట మీరే చెప్పుకోండి అనాలి. అంటే, మీకెందుకండీ అంత బాధ అని ఆయన అడుగుతారు. ఆ ప్రశ్నకు అతను ఇన్నేళ్ళూ దూరంగా తిరుగుతున్నాడు.

“అలాగేనండీ,” అన్నాడు.

వెంటనే చేశాడు. ఆలస్యం చేస్తే చేయలేనని తెలుసు. లూసీ రెండో రింగుకే తీసింది.

“అమ్మా లూసీ, నైట్ డ్యూటీలు కదా నీకు. ఈసారి రొట్టె సంగతి పెట్టుకోకులే. రెస్ట్ తీసుకో. మీ వదిన తెస్తుంది,” అన్నాడు పాము చావకుండా కర్ర విరగకుండా.

అటునుంచి ఆమె గదిలో టీవీ నవ్వులు వినిపించాయి.

“నైట్ డ్యూటీ అయినా పగలు ఖాళీయేగా అన్నయ్యగారూ,” అంది లూసీ. తర్వాత తనే సర్దుకుని, “సరేనండీ. వదిన రొట్టె బాగుంటుంది,” అంది.

ఫోన్ పెట్టేసి తిరిగి చూస్తే వసంతకుమారి గుమ్మంలో నిలబడి ఉంది. మొత్తం విన్నది.

“నన్ను తెమ్మన్నారా?” అంది. “వాళ్ళ ఇంటి రొట్టె వద్దని, మన ఇంటి రొట్టె తెమ్మన్నారా?”

అంటూనే నవ్వింది. ఆ నవ్వు చూడలేక దేవకుమార్ గరాజులోకి పోయాడు.

*

రంపెను పట్టుకుని చూశాడు. పిడి అందంగా ఉంది. అందంగా ఉండి, ఎందుకూ పనికిరాకుండా ఉంది.

కూర తరిగే కత్తికి చెయ్యి ఒక్క తీరున ఉంటుంది, వేళ్ళకు గుంటలుంటే సుఖం. రంపె అలా కాదు. తోలు మీద అరచేత్తో అదిమి తోయాలి. వంపు వచ్చినచోట పిడి అరచేతిలోనే తిరగాలి. గుంటలుంటే ఎక్కడ తిరుగుతుంది? పైగా వార్నిష్ పెడితే చెమటకు జారుతుంది. జారితే ఎడమచేతి బొటనవేలు పోతుంది. దేవకుమార్ తండ్రికి ఆ బొటనవేలి మీద తెల్లటి గాటు ఉండేది.

గోడకు తగిలించుకోవడానికి పనికొచ్చే వస్తువు చేశాను, అనుకున్నాడు. తన మీద తనకు రోత పుట్టింది. ఇంకా అతికించలేదు కాబట్టి సరిపోయింది. ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే ఆ పిడి నిలువునా రెండుగా విచ్చుకుంది.

బుధవారం, గురువారం సాయంత్రాలు కొత్త పిడితోనే గడిచాయి. ఈసారి పొట్టిగా కోశాడు. వెనక చివర లావుగా, గుండ్రంగా, అరచేతి గుంటలో కూర్చునేటట్టు. ముతక ఆకురాయి, దాని తర్వాత సన్న ఆకురాయి. కొంచెం తీయడం, పట్టుకుని చూడడం, మళ్ళీ కొంచెం తీయడం. కళ్ళు మూసుకుని పట్టుకుంటే ఎక్కడ ఎక్కువుందో చేతికే తెలిసేది. ఎవరూ నేర్పలేదు అతనికి. తండ్రి అన్నం తినడానికి లేచినప్పుడు, ముట్టుకుంటే చేయి తెగుద్దిరా అని తిడతాడని తెలిసీ, ముట్టుకున్న జ్ఞాపకమది. చెయ్యి అన్నీ గుర్తుపెట్టుకుంది, నోరే మరిచిపోయినట్టు నటించింది.

రేకు దగ్గర పిడి పగలకుండా ఇత్తడి పొన్ను బిగించాడు. లోపల అతుకు మందు పోసి తోక దించి, చెక్కల మధ్య బిగించి వదిలాడు. అది ఆరాక తడిగుడ్డతో పిడినంతా తుడిచాడు. తడికి చెక్క నూగు లేచి నిలబడుతుంది. ఆరనిచ్చి ఆ నూగును సన్న కాగితంతో కొట్టేయాలి. మళ్ళీ తడపాలి, మళ్ళీ కొట్టాలి. నూగు లేవడం మానేదాకా చేయాలి. ఓపిక లేనివాడి పిడి మొదటి చెమటకే గరుకెక్కుతుంది. ఫ్యాక్టరీలో ఎవరైనా ఇంత నిదానంగా పనిచేస్తే అతనే కసిరేవాడు.

చివర ఒకవైపు అంచు చదును చేశాడు, చూడ్డానికి చెక్క తరిగిపోయినట్టు. వార్నిష్ లేదు. అవిసె నూనె గుడ్డమీద పోసి, అరచేతి వేడి తగిలేటట్టు రుద్దుతూ కూర్చున్నాడు.

వసంతకుమారి లోపలికి వచ్చి పాత కుర్చీలో కూర్చుంది.

“పిండి కొన్నానండీ. డబ్బా తీసి చూసి పెట్టేశాను. ఆ పిల్ల మొహం కనిపిస్తోంది.”

“ఏం చేద్దామంటావు?”

“నన్నడుగుతున్నారా? ఫోన్ చేసేముందు అడిగారా?” అంది. మళ్ళీ మెత్తబడి, “మీకు భయమైతే నాకు భయం కాదూ? ఆ విజయశ్రీగారు వారం వారం నా చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్తుంది. చెయ్యి వదిలేసి తుడుచుకుంటుందేమో రేపు. అయినా సరే, ఇదేం బాగాలేదండీ,” అంది.

అతను రుద్దుతూనే ఉన్నాడు. నూనె తాగి వాల్‌నట్ నల్లబడింది.

*

శుక్రవారం ఫ్యాక్టరీ నుంచి నేరుగా లూసీ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాడు. ఫిలిప్పీన్స్ నర్సు ఒకామెతో కలిసి ఉంటుంది. ఆ అమ్మాయి డ్యూటీలో ఉంది. లూసీ తెల్ల యూనిఫాం వేసుకుని తల దువ్వుకుంటూ తలుపు తీసింది.

“రండన్నయ్యగారూ. టీ పెట్టనా?”

“వద్దమ్మా, నీకు టైమవుతుంది.” పేలిక ఆమె చేతికిచ్చాడు.

లూసీ రంపెను తీసి పట్టుకుంది. చూపుడువేలు రేకు మీద పెట్టి, గాలిలోనే అరచెయ్యి తిప్పి చూసింది. పిడి తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి. దేవకుమార్‌కు ఒక్క నిమిషం ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది.

“ఈ పక్కన చదును ఎందుకు పెట్టారు?”

“కింద పెడితే దొర్లకుండా. దొర్లితే పదును రాతికి తగిలి పోతుంది.”

“అది నాకు తెలుసు. మీకెలా తెలుసు?”

తప్పించుకోవచ్చు. ఏదో పుస్తకంలో చూశానంటే నమ్ముతుంది. కానీ దేవకుమార్ తప్పించుకోవడానికి రాలేదు, చెప్పడానికే వచ్చాడు. దారి పొడుగునా మాటలు కూడగట్టుకుంటూ వచ్చాడు. చెప్తే ఈ పిల్ల ఏడుస్తుంది, అన్నా అంటుంది, తన మెడ మీది బరువు దిగుతుంది.

“మా నాన్న పెట్టుకునేవాడు,” అన్నాడు. “మాది తెనాలి దగ్గర మాదిగపల్లె. మిషన్ స్కూలు గేటు పక్కన కూర్చుని కుట్టేవాడు నాన్న. మీ వదినా మనవాళ్ళే. ఇక్కడ ఎవరికీ తెలియదు.”

లూసీ రంపెను పేలిక మీద పెట్టింది. అది దొర్లలేదు. ఆమె కుర్చీలో కూర్చుంది.

“ఫోన్ చేసింది మీరే కదా,” అంది.

“రామమోహన్‌గారు చెయ్యమన్నారు. చేసింది నేనే. తప్పు చేశానమ్మా. నన్ను క్షమించు.”

“క్షమించేశానన్నయ్యగారూ. ఆ రోజే.” ఆమె గొంతు పైకి లేవలేదు. “ఫోన్ పెట్టేసి, మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్ళిపోయాను. పెద్ద కులాలవాళ్ళు, ఎంత మంచివాళ్ళయినా ఇంతేలే, పుట్టినకాడ్నించీ చూస్తున్నదేగా అనుకున్నాను. పాపం వాళ్ళలోనూ మెత్తగా చెప్పే మనిషి ఉన్నాడని మీకోసం ప్రార్థన కూడా చేశాను.”

దేవకుమార్ ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది.

“అప్పుడు నేను క్షమించింది వేరే మనిషిని. ఈ మనిషిని ఎలా క్షమించాలో నాకు తెలియట్లేదు.”

బయట కార్ల హారన్లు వినిపించాయి. లూసీ లేచి తెల్ల టోపీ పిన్నులతో పెట్టుకుంది. రంపెను పేలికలో చుట్టి బీరువా పైఅరలో పెట్టింది.

“పిడి బాగా కుదిరింది,” అంది. అది నిజం కాబట్టి అంది. “నాకు డ్యూటీ టైమయిందండీ.”

“నేను రామమోహన్‌గారితో చెప్తాను.”

“ఆయనతో మీరేం చెప్పుకుంటారో మీ ఇష్టం.”

కారులో దింపుతానన్నాడు. బస్సుంది అంది.

*

ఇంటికి వచ్చి వసంతకుమారికి అంతా చెప్పాడు. ఆమె విని, “అయితే నాదీ చెప్పేశారన్నమాట,” అంది. అతనికి అప్పటిదాకా ఆ సంగతి తట్టనే లేదు. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది.

“ఎటూ మొదలెట్టారుగా. ఆయనకూ చెప్పండి. నేనైతే పిండి ముట్టుకోను.”

రామమోహన్‌గారు వందనాలు చెప్పి వాతావరణం గురించి మాట్లాడబోయారు. దేవకుమార్ ఆగలేదు. ఆగితే ఇక కదలలేడు.

“డాక్టర్‌గారూ, ఈ ఆదివారం రొట్టె లూసీదే. ఆ అమ్మాయి వంతు తీసెయ్యడం తప్పు. తోలుపని ఇంటి రొట్టె తినకూడదనుకుంటే, మా ఇంటి రొట్టె మీరు ఎన్నోసార్లు తిన్నారు. మా నాన్నది కూడా అదే పని. మేమూ మాదిగలమే.”



“బ్రదర్, నాకెప్పుడూ అలాంటివి లేవు. మీకు తెలుసు కదా. సిస్టర్సే...” అన్నారు రామమోహన్‌గారు. “సరే సరే. లూసీనే తెమ్మనండి. ఈ విషయం మన మధ్యే ఉండనివ్వండి.”

దేవకుమార్ ఫోన్ పెట్టేశాడు. ఆ పూట కడుపునిండా తిన్నాడు. చెప్పగలిగాను అనుకున్నాడు. శనివారం లూసీకి ఫోన్ చేస్తే ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయి ఎత్తింది. లూసీ డ్యూటీలో ఉందట. “రేపు రొట్టె తనే తేవాలని లూసీతో చెప్పండి. అన్నీ సర్దేశానని చెప్పండి,” అన్నాడు ఇంగ్లీషులో. తప్పకుండా చెప్తానంది ఆ అమ్మాయి. ఆ రోజు గరాజు ఊడ్చి, చెక్కపొట్టు ఎత్తిపోసి, ఆకురాళ్ళు తుడిచి వరసగా సర్దాడు. మధ్యలో ఈల కూడా వేశాడు.

*

ఆదివారం నేలమాళిగలో ముందువరసకు ఎదురుగా బల్ల వేసి తెల్లగుడ్డ పరిచారు. ద్రాక్షరసం గ్లాసులు సర్దారు. మధ్యలో స్టీలు పళ్ళెం, దాని మీద మడతపెట్టిన తెల్లటి నాప్‌కిన్. చికాగో పాస్టర్‌గారు వాక్యం చెబుతున్నంతసేపూ దేవకుమార్ చెవులు మెట్ల మీద అడుగుల చప్పుడుకే ఉన్నాయి. వాక్యం అయింది. పాట మొదలైంది. ఆ పాటలో అందరికంటే గట్టిగా వినిపించాల్సిన గొంతు లేదు.

పాస్టర్‌గారు బల్ల దగ్గరికి వచ్చి నాప్‌కిన్ ఎత్తారు. పళ్ళెం ఖాళీగా ఉంది.

“రొట్టె ఏదమ్మా?” అన్నారు మెల్లగా.

విజయశ్రీ పక్కకు వంగి వసంతకుమారి చెవిలో, “మీరు తెచ్చారు కదూ?” అంది.

“లేదండీ. నా వంతు కాదు.”

రామమోహన్‌గారు లేచి దేవకుమార్ పక్కకు వచ్చారు. “ఆ అమ్మాయి రాలేదేం బ్రదర్? చెప్పారా? పైన ఆఫీసులో ఫోనుంది, ఓసారి చెయ్యండి. పది నిమిషాల్లో తెమ్మనండి,” అన్నారు.

దేవకుమార్ లేచాడు. ఫోన్ చెయ్యడానికే లేచాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. తెమ్మనండి. తనూ అదే మాట చెప్పాడు నిన్న, అదీ ఇంకెవరి చేతో. తేవద్దని చెప్పినప్పుడు ఆ పిల్లను అడగలేదు. తెమ్మని చెప్పినప్పుడూ అడగలేదు. వంతు తీసిందీ తనే, తిరిగి ఇచ్చిందీ తనే. ఇచ్చినందుకు ఇంటికి పోయి కడుపునిండా తిన్నాడు, ఈల వేసుకున్నాడు. ఈ మనిషిని ఎలా క్షమించాలో తెలియట్లేదని ఆమె మొహం మీదే చెప్పింది. ఆ మనిషి మాట మీద రొట్టె కాల్చుకుని పరుగెత్తుకొస్తుందని ఎలా అనుకున్నాడు?

సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి.

“ఫోన్ చెయ్యనండీ,” అన్నాడు. ఆ మాట అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. పాట పాడేవాళ్ళు ఆపి చూశారు. ఇక కూర్చోవడం కుదరదు.

“లూసీ వంతు నేనే తీసేశాను,” అన్నాడు అందరి వైపు తిరిగి. “వాళ్ళ నాన్న చెప్పులు కుట్టేవాడని. మా నాన్నా కుట్టేవాడే. ఆ రంపె వాళ్ళ దగ్గర వీళ్ళ దగ్గర చూళ్ళేదు నేను, మా ఇంట్లోనే చూశాను. నేను బయటపడకూడదని ఆ పిల్లను బయటపెట్టాను.”

ఇంకా ఏదో చెప్పబోయాడు.   వెనక వరసలో సరిగ్గా చెవులు వినపడని ముసలాయన ఒకడు, ఎవరో సాక్ష్యం చెప్పారనుకుని, “స్తోత్రం” అన్నాడు అలవాటుకొద్దీ. ఆయన కోడలు ఆయన మోచెయ్యి పట్టుకుంది.  రామమోహన్‌గారు నేలవైపు చూస్తున్నారు. విజయశ్రీ చెయ్యి వసంతకుమారి కుర్చీ వీపు మీద ఉండిపోయింది, తీయాలో ఉంచాలో తెలియనట్టు.

దేవకుమార్ కోటు తీసుకున్నాడు.

“ఎక్కడికి బ్రదర్? సంస్కారం...” అన్నారు పాస్టర్‌గారు.

“ఆ అమ్మాయిని అడగడానికండీ. మీరు కానివ్వండి. మాకోసం ఆగకండి.”

‘మాకోసం’ అన్నాక తెలిసింది, వసంతకుమారి అప్పటికే లేచి మెట్ల దగ్గర ఉందని. ఇద్దరూ పైకి వచ్చారు. పార్కింగ్‌లో సన్నటి మంచు పడుతోంది. అతను చేత్తో అద్దం మీది మంచు తుడిచాడు. ఆమె కారెక్కి తలుపు వేసుకుంది.

“తలుపు తీయకపోతే?” అంది.

“బయటే నిలబడి అడుగుతాను.”

“రానంటే?”

“రానంటే రాదు. నాకు చెప్పాల్సిన పని కూడా లేదు ఆ అమ్మాయికి.”

వసంతకుమారి కొంగు సర్దుకుంది.

“ఈసారి మాట్లాడేది నేను,” అంది. “మీరు వెనక నిలబడండి.”

దేవకుమార్ సరేనని కారు స్టార్ట్ చేశాడు.